భోగాపురం షెడ్డులో ఒక వెల్డింగ్ టేబుల్

భోగాపురంలో హైవే వెంట నడిస్తే ప్రతి నాలుగు షాపులకీ ఒక వెల్డింగ్ షెడ్డు కనిపిస్తుంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, వాటర్ ట్యాంకు స్టాండ్లు. 2023 మే 3న అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్టుకి శంకుస్థాపన జరిగిన తర్వాత చుట్టుపక్కల లేఅవుట్లు లేచాయి, లేఅవుట్లకి ప్రహరీలు లేచాయి, ప్రహరీలకి గేట్లు కావాల్సొచ్చాయి. పని బాగానే ఉంది. కానీ ఈ షెడ్లన్నిటిలోనూ నేను గమనించింది ఒకటుంది. పని మొత్తం నేల మీదే. సిమెంటు గచ్చు మీద యాంగిల్ ముక్కలు పరిచి, గొంతుక్కూర్చుని, ఒక చేత్తో అద్దం పట్టుకుని, ఇంకో చేత్తో రాడ్ అంటించడం.

మా చిన్నాన్నదీ అలాంటి షెడ్డే. ఇంటి వెనక పదిహేను అడుగులకి పన్నెండు. పైన రేకులు, అవి కూడా 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ పాత రేకుల్ని పట్టుకుపోయాక వేసినవి. ఇరవై ఏళ్లుగా గొంతుక్కూర్చునే పని చేశాడు. పోయిన సంవత్సరం నుంచి మోకాళ్లు లేవనివ్వట్లేదు. డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి ఒకటే మాట చెప్పారు, ఇకమీద గొంతుక్కూర్చోవద్దు అని. అంటే దారులు రెండే మిగిలాయి. పని మానెయ్యాలి, లేకపోతే పనినే నడుము ఎత్తుకి లేపాలి. ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడున్నాడు కాబట్టి మొదటి దారి గురించి ఎవరూ మాట్లాడలేదు.

రెండో దారి అంటే టేబుల్. చిన్నాన్న మొదట ఒప్పుకోలేదు. "ఏటి తల్లీ, నేల మీద సేసిన గేట్లు ఇన్నాళ్లూ నిలబడ్లేదేటి?" అన్నాడు. నిలబడ్డాయి, నిజమే. కానీ వాటిని నిలబెట్టడానికి ఎంత అవస్థ పడ్డాడో కూడా నేను చూశాను. అందుకే ఈ వ్యాసం. నేను చదివేది కంప్యూటర్ సైన్స్. మెకానికల్ వాళ్లు ఎవరైనా చదివితే చివర్లో తిట్టుకోండి, ముందు మొత్తం చదవండి.

నేల మీద పనికి మోకాళ్ల సంగతి పక్కన పెట్టినా ఇంకా ఇబ్బందులున్నాయి. గచ్చు చూడ్డానికి సమంగా ఉంటుంది గానీ నీళ్లు పోవడానికి తాపీ మేస్త్రి కావాలనే వాలు పెడతాడు. ఆ వాలు గేట్ ఫ్రేములోకి మెలికగా దిగుతుంది. మెలిక తిరిగిన గేటు బిగించాక ఒక మూల స్తంభానికి తగులుతుంది, ఇంకో మూల బయటికి వస్తుంది. రెండోది, కాంక్రీటులో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది. దాని మీదే వేడి తగిలితే ఆ తేమ ఆవిరై, పై పొర టప్ మని పెచ్చుగా లేస్తుంది. ఆ పెచ్చు ఎటు ఎగురుతుందో చెప్పలేం. మూడోది, నేలకి క్లాంప్ పట్టదు. ముక్కని కదలకుండా పట్టుకోవడానికి కాలితో తొక్కి పట్టడమే మిగులుతుంది. వేడికి ఇనుము కదిలితే కాలు ఆపగలదా?

ఈ కదలడం అన్న విషయమే మొత్తం కథకి మూలం, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకి దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది. తక్కువే అనిపిస్తుంది. మీటరు కడ్డీ మొత్తం వంద డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్లు. సమంగా వేడెక్కి సమంగా చల్లారితే గొడవే లేదు, సాగినంతా వెనక్కి వచ్చేస్తుంది. వెల్డింగ్‌లో అలా జరగదు. రాడ్ తగిలిన గీత దగ్గర ఉక్కు కరుగుతుంది, అంటే దాదాపు 1500 డిగ్రీలు. రెండంగుళాల అవతల చెయ్యి పెట్టగలిగేంత చల్లగా ఉంటుంది. వేడెక్కిన భాగం సాగుదామని చూస్తుంది, పక్కనున్న చల్లటి ఉక్కు సాగనివ్వదు. చోటు లేక అది తనలో తనే నొక్కుకుపోతుంది. మెత్తగా ఉంది కాబట్టి నొక్కుకుపోవడం తేలిక. ఇప్పుడు చల్లారడం మొదలైంది. నొక్కుకుపోయిన భాగం ఇంకా కుంచించుకుంటుంది, ఈసారి పక్కవాటిని కూడా తనతో లాక్కుంటుంది. నిప్పుల మీద పెట్టిన అప్పడం ఒకవైపే కాలి ముడుచుకున్నట్టు, వెల్డ్ ఎటువైపు ఉందో ఇనుము అటువైపు వంగుతుంది.

వెల్డర్లందరికీ ఇది చేతికి తెలుసు. చిన్నాన్న "లాగేస్తాది" అంటాడు. పుస్తకంలో దీని పేరు డిస్టార్షన్. నాకు చిన్నాన్న మాటే కరెక్టుగా అనిపించింది, ఎందుకంటే అక్కడ నిజంగా జరిగేది లాగడమే.

లాగేదాన్ని ఆపాలంటే దానికంటే మొండిగా ఉండే వస్తువు ఒకటి కావాలి. వెల్డింగ్ టేబుల్ అంటే అదే. సామాన్లు పెట్టుకునే బల్ల అనుకుంటే మామూలు స్టాండు మీద పల్చటి రేకు చాలు. పనిని బిగించి, చల్లారేదాకా వంగనివ్వని రెఫరెన్స్ అనుకుంటే అప్పుడు మందం గురించి మాట్లాడాలి.

ప్లేటు ఎంత మందం ఉండాలి? ప్లేటు మొండితనం మందం ఘనంతో పెరుగుతుంది. 6 ఎంఎం ప్లేటుని ఒకటి అనుకుంటే 10 ఎంఎం ప్లేటు 4.6 రెట్లు మొండిది, 12 ఎంఎం అయితే సరిగ్గా 8 రెట్లు. బరువు మాత్రం మందంతో పాటు మామూలుగానే పెరుగుతుంది. చదరపు మీటరు ఉక్కు ఒక్క మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. ఈ ఒక్క నంబరు గుర్తుంచుకుంటే ఐరన్ షాపులో ఎవరూ మిమ్మల్ని ఏమీ అనలేరు, ఎందుకంటే ప్లేటు అమ్మేది కిలోల లెక్కన. మా టేబుల్ 1200 ఎంఎం పొడవు, 750 వెడల్పు, అంటే 0.9 చదరపు మీటరు. 6 ఎంఎం అయితే 42 కిలోలు, 10 ఎంఎం అయితే 71, 12 ఎంఎం అయితే 85. కాటా దగ్గర దీనికి కొంచెం అటూ ఇటూ రావచ్చు, రోలింగ్‌లో మందం అంత కచ్చితంగా ఉండదు. కానీ 71కి బదులు 60 వచ్చిందంటే మీకు ఇచ్చింది 10 ఎంఎం కాదు.

మేం 10 తీసుకున్నాం. గేట్లకి, గ్రిల్స్‌కి అది చాలు. ట్రాక్టర్ ట్రాలీల పని చేసేవాళ్లయితే 12, 16 ఆలోచించుకోండి.

ఇక్కడొక సరదా సంగతి. మనం ఉన్నది విశాఖ ఉక్కు పక్కనే. 1966లో ఉద్యమం చేసి తెచ్చుకున్న ఫ్యాక్టరీ, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. కాబట్టి మన టేబుల్ ప్లేటు కూడా అక్కడిదే అయ్యుంటుందని నేను ఫిక్స్ అయిపోయి ఉంటాననుకోకండి, చిన్నాన్న ముందే చెప్పాడు. వైజాగ్ స్టీల్‌లో చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, ఛానెళ్లు, బీములు, అంటే పొడుగ్గా ఉండే సరుకు. వెడల్పు ప్లేట్లు అక్కడ రోల్ చెయ్యరు. ప్లేట్ మిల్లులున్నది సెయిల్ వాళ్ల భిలాయ్, రూర్కెలా లాంటి చోట్ల. అంటే టేబుల్ కాళ్లు మన జిల్లా పక్కనుంచి రావచ్చు గానీ టేబుల్ పైభాగం మాత్రం ఒరిస్సా దాటి రావాల్సిందే. కొత్త ప్లేటే కొనక్కర్లేదు కూడా. గాజువాక ఆటోనగర్ లాంటి చోట ఫ్యాబ్రికేషన్ షాపుల్లో మిగిలిన ముక్కలు దొరుకుతాయి. గ్యాస్ కట్ చేసిన అంచు ఉంటే ఒక్కటి చూసుకోండి, ఆ అంచు దగ్గర ప్లేటు పైకి లేచి ఉందేమో. గ్యాస్ కటింగ్ కూడా వేడే, అది కూడా లాగేస్తుంది.

ఫ్రేముకి 50×50×6 యాంగిల్. మావైపు యాంగ్లర్ అంటారు. మీటరుకి 4.5 కిలోలు. కొందరు స్క్వేర్ పైపు వాడతారు, మెలికకి అదే బాగా ఆగుతుంది. మేం యాంగిల్ ఎందుకు తీసుకున్నామంటే ఇది సముద్రం పక్క ఊరు. పైపు లోపల తుప్పు పడితే కనిపించదు, కనిపించేసరికి చిల్లు పడుతుంది. యాంగిల్‌కి అన్ని వైపులా బ్రష్ అందుతుంది.

ఇంకో మాట, చాలా ముఖ్యం. పాత జీఐ పైపులు ఇంట్లో ఉన్నాయి కదా, కాళ్లకి వాడేద్దాం అనుకోకండి. జీఐ మీద ఉండేది జింకు. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఉక్కు కరగకముందే అది తెల్లటి పొగగా లేచిపోతుంది. ఆ పొగ పీల్చినవాళ్లకి సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. మర్నాటికి తగ్గిపోతుంది కాబట్టి మన వెల్డర్లు దీన్ని పట్టించుకోరు, పాలు తాగితే పోతుందంటారు. పాలు ఒంటికి మంచివే, కానీ ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన పొగని పాలు ఏం చెయ్యగలవు? పూత ఉన్న చోట గ్రైండర్‌తో ముందే పూర్తిగా తీసేసి, గాలి తగిలేలా కూర్చుని, మాస్కు పెట్టుకుని చెయ్యడం ఒక పద్ధతి. అసలు వాడకపోవడం ఇంకా మంచి పద్ధతి.

ప్లేటు కంటే ఫ్రేము చిన్నది చేశాం. నాలుగు వైపులా ప్లేటు 75 ఎంఎం బయటికి వస్తుంది. సీ క్లాంప్ నోరు పెట్టడానికి ఆ చోటు కావాలి. అంచు కింద యాంగిల్ అడ్డొస్తే క్లాంప్ పట్టదు, క్లాంప్ పట్టని వెల్డింగ్ టేబుల్‌కీ నేలకీ పెద్ద తేడా ఉండదు. కాబట్టి ఫ్రేము 1050×600. మధ్యలో అడ్డంగా ఇంకో రెండు యాంగిళ్లు. అవెందుకంటే, సపోర్టుల మధ్య దూరం సగమైతే అదే బరువుకి వంగడం ఎనిమిదో వంతు అవుతుంది, మూడో వంతైతే ఇరవై ఏడో వంతు. ఇక్కడ కూడా ఘనమే. డబ్బులు తక్కువైతే ప్లేటు మందం తగ్గించి అడ్డాలు పెంచుకోవచ్చు, కానీ మరీ 6 కంటే కిందికి వెళ్లొద్దు. సుత్తి దెబ్బకి అడ్డాల మధ్య గుంటలు పడతాయి.

ముక్కల లెక్క మాత్రం నాది. 1050వి నాలుగు (పైన రెండు, కింద రెండు), 600వి ఆరు (పైన రెండు, కింద రెండు, మధ్య అడ్డాలు రెండు), కాళ్లు 830వి నాలుగు. మొత్తం 11.12 మీటర్లు. యాంగిల్ వచ్చేది 6 మీటర్ల కడ్డీగా, అంటే రెండు కడ్డీలు సరిపోవాలి. సరిపోతాయా లేదా అన్నది ముక్కలు ఎలా పంచుతామన్న దాన్ని బట్టి. ఇది మా సిలబస్‌లో ఉండే బిన్ ప్యాకింగే. ఏ ప్రోగ్రాముకైనా ఇస్తే అందమైన జవాబు ఒకటి దొరుకుతుంది. 1050వి నాలుగు, 600వి మూడు, మొత్తం సరిగ్గా 6000. వేస్ట్ సున్నా! కాగితం మీద ఫుల్ మార్కులు. కానీ కటింగ్ వీల్ దాదాపు 3 ఎంఎం మందం ఉంటుంది, ప్రతి కోతకీ అంత ఇనుము పొడైపోతుంది. ఆరు కోతలకి 18 ఎంఎం. ఆఖరి ముక్క 582 వస్తుంది. వీల్ మందం కూడా లెక్కలో కలిపితే వచ్చే జవాబు వేరు. మొదటి కడ్డీలో 1050వి నాలుగూ, కాళ్లు రెండూ, అంటే 5860. రెండో కడ్డీలో 600వి ఆరూ, కాళ్లు రెండూ, అంటే 5260. రెండో దాంట్లో 740 మిగిలింది, అందులోంచి కాళ్ల కింద బిళ్లలకి కాదు గానీ టార్చి, సుత్తి తగిలించే కొక్కేలకి ముక్కలొచ్చాయి. మధ్య అడ్డాలు మాత్రం ముందే కొయ్యకండి. ఫ్రేము అయ్యాక లోపలి కొలత తీసుకుని కొయ్యండి, 600కి 12 తక్కువ వస్తాయి.

టేబుల్ ఎత్తు 860 పెట్టాం. ఎత్తు ఎవరిది వాళ్లు చూసుకోవాలి. నిలబడి చెయ్యి మడిస్తే మోచెయ్యి ఎక్కడుంటుందో దానికి ఒక జానెడు కిందికి ఉంటే రాడ్ పట్టుకున్న చెయ్యి భుజం ఎత్తకుండా ఆడుతుంది. ఇంకా కిందికి ఉంటే నడుము వంగుతుంది. మోకాళ్లు కాపాడి నడుము పాడుచేసుకోవడం ఎందుకు?

ఇక కట్టడం. టేబుల్ లేకుండా టేబుల్ కట్టాలి, కంపైలర్ లేకుండా కంపైలర్ రాసినట్టు. షెడ్డులో అన్నిటికంటే సమంగా ఉన్న వస్తువు ఆ ప్లేటే కాబట్టి దాన్నే నేలగా వాడుకోవాలి. అంటే టేబుల్ తల్లకిందులుగా పుడుతుంది. ప్లేటుని పైముఖం కిందికి ఉండేలా నాలుగు ఇటుకల మీద పెట్టి, చెక్క చీలికలు దూర్చి లెవెల్ చేశాం. రసమట్టం పెట్టి చూశాం. ఈ మాట నాకు ఈ వేసవిలోనే తెలిసింది. స్పిరిట్ లెవెల్ అని స్కూల్లో చదువుకున్నాం గానీ రసమట్టం అంటే ఏంటో చెప్పమంటే పాదరసం అనుకునేదాన్నేమో. అందులో ఉండేది స్పిరిట్టే, రసం అంటే ద్రవం అంతే. అలాగే ట్రై స్క్వేర్‌ని మూలమట్టం అంటారు. రెండు మాటల్లోనూ మట్టం ఉంది చూశారా? ఒకటి పడుకున్న సమం, ఇంకోటి మూల సమం.

ప్లేటు మెలిక తిరిగిందో లేదో రసమట్టం ఒక్కటే పూర్తిగా చెప్పదు. దానికి రెండు దారాలు చాలు. ఒక మూల నుంచి ఎదురు మూలకి ఒక దారం, మిగతా రెండు మూలల మధ్య ఇంకోటి, రెండూ బిగుతుగా, ప్లేటుకి ఒకే ఎత్తులో. మధ్యలో దారాలు ఒకదాన్నొకటి ముట్టీ ముట్టనట్టు తగిలితే మెలిక లేదు. గ్యాప్ ఉన్నా, ఒకటి ఇంకోదాన్ని నొక్కుతున్నా ఒక మూల కింద చీలిక మార్చాలి. ఖర్చు కొంచెం దారం.

ఆ ప్లేటు మీద ఫ్రేము ముక్కలు నాలుగూ మూలలు 45 డిగ్రీలకి కోసి పరిచి, క్లాంపులు వేశాం. మూలమట్టం చిన్నది, ఫ్రేము పెద్దది, కాబట్టి మూలమట్టాన్ని పూర్తిగా నమ్మకూడదు. నమ్మాల్సింది కర్ణాలని. దీర్ఘచతురస్రం అయితే రెండు కర్ణాలూ సమానం. 1050, 600 కొలతలకి పైథాగరస్ చెప్పేది 1209 ఎంఎం. టేపు రెండువైపులా అదే చూపించేదాకా సుత్తితో మెల్లగా తట్టుకుంటూ ఉండాలి. తొమ్మిదో క్లాసులో ఈ సిద్ధాంతం ఎందుకు చదివామో ఇక్కడ అర్థమవుతుంది. చిన్నాన్న పైథాగరస్ పేరు వినలేదు, కానీ ఆయన గేట్లన్నిటికీ కర్ణం కొలుస్తాడు. "మూల మూల కొలువు" అంటాడు.

కుదిరాక టాక్ వెయ్యాలి. టాక్ అంటే చిన్న చుక్క వెల్డ్. ఒక మూల టాక్, తర్వాత ఎదురు మూల, తర్వాత మిగతా రెండు. ప్రతిదానికీ తర్వాత మళ్లీ టేపు. అన్నీ అయ్యాక ఫుల్ వెల్డ్ కూడా అదే వరసలో, ఒక మూల పూర్తిచేసి పక్క మూలకి కాకుండా ఎదురు మూలకి వెళ్లాలి. వేడి ఒకచోట పోగుపడితే లాగుడు కూడా ఒకవైపే పోగుపడుతుంది. వరుసగా చేసుకుపోతే పని తొందరగా అవుతుందనిపిస్తుంది, కర్ణాలు మాత్రం తేడా వస్తాయి. ఇంకోటి, చల్లారేదాకా క్లాంపులు తియ్యొద్దు. వేడి మీద తీస్తే క్లాంపు వేసి లాభం ఏముంది?

వాడింది ఈ6013 రాడ్. షాపులో పన్నెండు నంబర్ అంటే 2.5 ఎంఎం, పది నంబర్ అంటే 3.15. టాకులకి పన్నెండు, 80 ఆంపియర్ల దగ్గర. ఫుల్ వెల్డ్‌కి పది, 110 దగ్గర. 6013 అన్న నంబరు కూడా ఒక కోడే. 60 అంటే వెల్డ్ అయిన లోహం చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి. 1 అంటే కింద, నిలువు, తల మీద, ఏ పొజిషన్‌లో అయినా వెల్డ్ చెయ్యొచ్చు. చివరి అంకె పూత రకం చెప్తుంది. రాడ్లు తడిస్తే ఆర్క్ సరిగ్గా నిలబడదు, వెల్డ్‌లో గాలి బుడగలొస్తాయి. మా ఊరి గాలికి ప్యాకెట్ విప్పిన వారానికే మెత్తబడతాయి. పాత చెక్కపెట్టెలో పాతకాలం ఫిలమెంటు బల్బు ఒకటి వెలిగించి రాడ్లు అందులో దాచడం ఇక్కడి పద్ధతి. ఎల్ఈడీ బల్బు పెడితే పని జరగదు, వేడే కదా కావాల్సింది.

కాళ్లు. తల్లకిందులుగా ఉన్న ఫ్రేము మూలల్లోపల నిలబెట్టి, రెండు ముఖాలకీ మూలమట్టం పెట్టి, ఒకవైపు టాక్. టాక్ వేసిన వెంటనే కాలు అటువైపు కొంచెం వాలుతుంది, కళ్లముందే. రెండో టాక్ ఎదురుగా వేస్తే తిరిగొస్తుంది. ఒక్క డిగ్రీ వాలితే 830 ఎంఎం కాలి చివర 14 ఎంఎం పైనే తేడా. నాలుగు కాళ్లూ టాక్ అయ్యాక చివర్ల మధ్య కర్ణాలు కొలిచి, కింది ఫ్రేము కట్టి, అప్పుడు ఫుల్ వెల్డ్.

కాళ్ల చివర ఒక్కో దానికి చిన్న బిళ్ల, దానికి ఎం16 నట్టు వెల్డ్ చేసి బోల్టు బిగించాం. మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా ఊగదు, ఎందుకంటే మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. నాలుగో కాలు వచ్చిందంటే ఊగుడు వచ్చినట్టే, నేల సమంగా లేకపోతే. ఎం16 బోల్టు ఒక చుట్టు తిప్పితే 2 ఎంఎం లేస్తుంది, పావు చుట్టుకి అర మిల్లీమీటరు. నీళ్ల వాలు ఉన్న గచ్చు మీద కూడా పైభాగం మట్టంగా తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ప్లేటుని ఫ్రేముకి ఎలా అంటించాలి? చూసినవాళ్లందరూ చుట్టూ ఫుల్ వెల్డ్ కొట్టెయ్యమంటారు, గట్టిగా ఉంటుందని. చుట్టుకొలత 3.3 మీటర్లు. అంత వెల్డ్ కింది వైపే పడితే, కింది వైపే కుంచించుకుని, ప్లేటు మధ్యలో ఉబ్బి అంచులు దిగుతాయి. ఇంత కష్టపడి తెచ్చిన సమం పోతుంది. అక్కర్లేదు కూడా. 71 కిలోల ప్లేటు ఎక్కడికి పారిపోతుంది? మేం పన్నెండు చోట్ల మాత్రమే, ఒక్కోటి అంగుళం పొడవు వేశాం. నాలుగు మూలలు, నాలుగు భుజాల మధ్య, అడ్డాల మీద నాలుగు. ఒకటి ఈ చివర, తర్వాతది ఆ చివర, మధ్యలో చెయ్యి పెట్టగలిగేంత చల్లారనిచ్చి. ఇందులో చిన్నాన్న ఆలోచన ఇంకోటుంది. పదేళ్లకి పైముఖం గీతలు, గుంటలు పడి పాడైతే ఆ పన్నెండు చుక్కలు గ్రైండర్‌తో కోసి ప్లేటు తిరగేసుకోవచ్చు. కిందిముఖం కొత్తది. ఫుల్ వెల్డ్ కొడితే ఆ అవకాశం ఉండదు.

వెల్డ్‌లో చిక్కుకున్న లాగుడు టేబుళ్లని వంచడంతో ఆగదు. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో స్కెనెక్టడీ అనే కొత్త ఆయిల్ ట్యాంకర్ షిప్పు, తుఫానూ లేదు, అలలూ లేవు, రేవులో నిలబడి ఉండగానే మధ్యకి విరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో రివెట్లు మానేసి తొందరగా వెల్డ్ చేసిన షిప్పుల్లో ఇలాంటి పగుళ్లు చాలా వచ్చాయి. చలికి పెళుసయ్యే ఉక్కు, వెల్డ్ లోపాలు, మూలల్లో పోగుపడిన ఒత్తిడి, అన్నీ కలిశాయి. రివెట్ వేసిన షిప్పులో పగులు ఒక ప్లేటు అంచు దగ్గర ఆగిపోతుంది, వెల్డ్ చేసిన షిప్పు మొత్తం ఒకే ముక్క, పగులుకి ఎక్కడా అడ్డు లేదు. గేట్లకి అంత సీను లేదు గానీ, వెల్డ్ ఎక్కువైతే గట్టిదనం ఎక్కువ అనుకునేవాళ్లకి చెప్పడానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ ఇదే.

మొత్తం బరువు 120 కిలోలు దాటింది. తిరగెయ్యడానికి నలుగురు కావాల్సొచ్చింది, ముందు పక్కకి పడుకోబెట్టి, తర్వాత కాళ్ల మీదికి.

షాపుల్లో దొరికే ఖరీదైన వెల్డింగ్ టేబుళ్లకి పైన వరసగా 16 ఎంఎం రంధ్రాలుంటాయి, ఎక్కడ కావాలంటే అక్కడ క్లాంపు దూర్చడానికి. 50 ఎంఎంకి ఒకటి చొప్పున మా ప్లేటుకి 360 రంధ్రాలు. చేతి డ్రిల్లుతో ఒక్కోదానికి ఐదు నిమిషాలనుకున్నా 30 గంటలు. చిన్నాన్న నా వైపు చూసిన చూపుకి ఆ చర్చ అక్కడే ముగిసింది. గేటు పనికి అంచు చాలు.

కరెంటు సంగతి చెప్పకుండా వదిలెయ్యకూడదు. అందరూ ఎర్త్ క్లాంప్ అనేది నిజానికి ఎర్త్ కాదు, వెల్డింగ్ కరెంటు మెషీన్‌కి తిరిగెళ్లే దారి. ఇంటి ఎర్తింగ్ వేరు, అది మెషీన్ బాడీకి తప్పకుండా ఉండాలి. క్లాంప్ కోసం టేబుల్ కాలికి ఒక లావు బోల్టు వెల్డ్ చేశాం, అక్కడ పెయింటు వెయ్యలేదు. పైన కూడా వెయ్యలేదు, పెయింటు ఉంటే కరెంటు దాటదు, పైగా కాలి పొగొస్తుంది. ప్లేటు మీద నల్లగా ఉండే మిల్ స్కేలు కూడా కరెంటుకి అడ్డమే, దాన్ని గ్రైండర్‌తో తీసేశాం. రాడ్ అంటించకముందు హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టుల దాకా ఉండొచ్చు. పొడి చేతికి పర్వాలేదనిపిస్తుంది, చెమట పట్టిన చేతికి, తడి గచ్చు మీద నిలబడ్డ కాళ్లకి అది చాలా ఎక్కువ. ఇప్పుడు ఆయన టేబుల్ ముందు నిలబడేది ఒక ఎండు చెక్క పలక మీద, కాళ్లకి బూట్లతో. బూట్లకి మాత్రం పిన్ని పోట్లాడాల్సొచ్చింది. అద్దం లేకుండా టాక్ వెయ్యడం కూడా ఆవిడే మాన్పించింది. ఆర్క్ వెలుగులో ఉండే అల్ట్రావయొలెట్ కిరణాలు కంటిపొరని కాలుస్తాయి, ఆ మంట వెంటనే తెలీదు, రాత్రి పడుకున్నాక ఇసుక పోసినట్టు మొదలవుతుంది. చేతివెల్డింగ్‌కి పది, పదకొండు షేడు అద్దం ఉండాలి. కూలింగ్ గ్లాసులు లెక్కలోకి రావు.

పెయింటు లేని ప్లేటు ఉప్పుగాలికి రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. సాయంత్రం పని అయ్యాక చిట్టెం ఊడ్చి, పల్చటి మెషీన్ ఆయిల్ గుడ్డతో రాసి, పొద్దున్న వెల్డింగ్ ముందు తుడిచెయ్యడం ఇప్పుడు తమ్ముడి డ్యూటీ. వాడేసిన ఇంజిన్ ఆయిల్ రాయమని చాలామంది సలహా ఇచ్చారు. వద్దు, వేడి తగిలితే ఆ పొగ భరించలేం.

మొదట కట్టింది పది అడుగుల గేటులో ఒక రెక్క, ఐదడుగులకి నాలుగున్నర. టేబుల్ కంటే పెద్దదే, అంచులు బయటికి వేలాడాయి, అయినా ఒక్కో మూల ప్లేటు మీదికి తెచ్చి బిగించి చేశాడు. చల్లారాక దారాలు కట్టి చూశాం, రెండూ ముట్టుకున్నాయి. స్టూలు ఎత్తు మాత్రం ఇంకా తేలలేదు. చిన్న చిన్న గ్రిల్ పనికి కూర్చుని చేస్తానంటాడు, ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ స్టూలు మరీ పొట్టి, పైగా నిప్పురవ్వలకి చిల్లులు పడతాయి. మిగిలిన 740 యాంగిల్ ముక్క చాలదు, ఇంకో కడ్డీ తెస్తే సరిపోతుంది. ముక్కల లెక్క ఈసారి ఆయనే వేశాడు, వీల్ మందంతో సహా.